ఇంటి కప్పు, ఎండాకాలం, మన వయసు
(బోనకల్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువు భత్యం, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈ పూట వాటిని పక్కన పెట్టి మన నెత్తి మీద ఉన్న కప్పు గురించి మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. ఉద్యోగ కాలమంతా కట్టడాల పనుల్లోనే గడిచింది కనుక నాకు తెలిసినది మనవి చేస్తాను.

పట్నాల నుంచి వచ్చే పిల్లలు ఇప్పుడు 'ఇన్సులేషన్' అనే మాట వాడుతున్నారు. వేడిని దాటనివ్వని పొర అని దాని అర్థం. చలి దేశాల్లో ఇంట్లో వేడి బయటికి పోకుండా అటక మీద ఈ పొర పరుస్తారు. మనకు అవసరం అందుకు తలకిందులు. బయటి వేడి లోపలికి దిగకుండా చూసుకోవాలి. అందువల్ల వాళ్లు చేసినట్టే చేస్తే సగం లాభమే వస్తుంది. ఏ కప్పుకు ఏది తగునో చెప్పే ముందు ఇది మన వయసు వారికి ఎందుకు ముఖ్యమో చెబుతాను.

మనలో చాలామంది కింది వాటా పిల్లలకో అద్దెకో ఇచ్చి, డాబా మీద వేసుకున్న గదిలో ఉంటున్నాం. కొందరు ఆ పైగదికి సిమెంటు రేకులు వేసుకున్నారు. అంటే ఇంట్లో అందరికంటే పెద్దవారు అన్నింటికంటే వేడి గదిలో ఉంటున్నారు. వయసు పెరిగినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడం తగ్గుతుంది. రక్తపోటుకు వాడే మందుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉన్నాయి. అవి వాడేవారి ఒంట్లో నీరు ఇంకా త్వరగా తగ్గుతుంది. గదిలో గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను చల్లబరచదు, వేడిని ఒంటికి కొడుతుంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చేస్తున్న హెచ్చరిక.

2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశంలో వడగాడ్పులు వచ్చాయి. మామూలుగా జరిగే మరణాల కంటే దాదాపు 15 వేలు ఎక్కువ జరిగాయి. చనిపోయిన వారిలో అత్యధికులు వృద్ధులు. తమ ఇళ్లలోనే ఉండి చనిపోయిన పెద్దవారి గురించి తరువాత అక్కడి వైద్య పరిశోధకులు విచారించారు. కప్పుకు ఆనుకుని కిందనే పడకగది ఉండటం, ఇంటికి వేడిని ఆపే పొర లేకపోవడం ప్రమాదాన్ని పెంచిన కారణాలలో ఉన్నాయని తేల్చారు. ఎండలో తిరగకుండా ఇంట్లోనే ఉన్నాం కదా అని ధీమాగా ఉండటానికి వీల్లేదన్నమాట. మన దగ్గర 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వారే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన బోనకల్ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో, అంటే భరణి కార్తె వెళ్లి కృత్తిక కార్తె వచ్చే రోజుల్లో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. నిలబడిన మనిషి నీడ కాళ్ల కిందే పడుతుంది. ఆ రోజుల్లో దక్షిణపు గోడకు ఎండ తగలదనే చెప్పాలి. తూర్పు, పడమటి గోడలకు పూట పూట తగులుతుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండ కాసేది కప్పు మీదే.

ఎంత కాస్తుందో లెక్క చూడండి. నిండు మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సుమారు వెయ్యి వాట్ల ఎండ పడుతుంది. పదికి పది అడుగుల గది కప్పు తొమ్మిది చదరపు మీటర్ల పైచిలుకు. నీళ్లు కాచుకోవడానికి బకెట్లో పెట్టే వెయ్యి వాట్ల రాడ్లు తొమ్మిది తెచ్చి కప్పు మీద పరిచినట్టు. పాతబడి నల్లబడ్డ కాంక్రీటు ఇందులో మూడింట రెండు వంతులు పీల్చుకుంటుంది. నాలుగైదు అంగుళాల స్లాబు ఆ వేడిని మెల్లగా కిందికి దింపుతుంది. మధ్యాహ్నపు ఎండ మూడు నాలుగు గంటల తరువాత మన మంచం మీదికి దిగుతుంది. ఎండ తగ్గింది కదా అనుకున్న సాయంత్రం గది ఉడికిపోవడానికి కారణం ఇదే. మీ ఇంట్లో పరీక్ష చేసుకోవచ్చు. సాయంత్రం ఆరింటికి ఇంట్లో కుర్రవాణ్ణి స్టూలు ఎక్కించి, ఒక చెయ్యి కప్పుకు, ఒక చెయ్యి గోడకు ఆనించమనండి. కప్పు వేడిగా ఉంటే ఖర్చు పెట్టవలసింది కప్పు మీదే, గోడల మీద కాదు.

వేడిని తగ్గించే దారులు మూడు. మొదటిది, ఎండను పైనుంచే తిప్పి పంపడం. రెండోది, పీల్చుకున్న వేడి కిందికి రాకుండా అడ్డు వెయ్యడం. మూడోది, అయినా వచ్చిన వేడిని గాలితో బయటికి పంపడం. ఈ వరస మార్చకండి. పైన ఏమీ చేయకుండా ముందే గది లోపల ఫాల్స్ సీలింగు కొట్టించేవారు ఎక్కువ. డబ్బు ఎక్కువ అయ్యేది అక్కడే. ముందు చవకైన పని చేసి ఫలితం చూసి, అప్పుడు ఖరీదైన పనికి పోవాలి.

మొదటి పని సున్నం. సంక్రాంతికో ఉగాదికో గోడలకు సున్నం వేస్తాం. వచ్చినవారు గోడలు చూస్తారు కనుక వేస్తాం. కప్పును సూర్యుడు తప్ప ఎవరూ చూడరు కనుక వదిలేస్తాం. నిజానికి సున్నం అవసరం అక్కడే ఎక్కువ. కొత్త తెల్లపూత తన మీద పడిన ఎండలో డెబ్బై శాతానికి తగ్గకుండా వెనక్కి పంపుతుంది. కాల్చిన సున్నపురాయి కిలోకు ఐదు లీటర్ల నీళ్ల చొప్పున వేసి, ఒక రోజంతా ఉంచి, ముతక గుడ్డలో వడకట్టి, వేడినీళ్లలో కరిగించిన జిగురు కొద్దిగా కలపాలి. డాబా బాగా ఊడ్చి, పాచి గీకి, కడిగి, ఆరిన తరువాత రెండు మూడు పూతలు వెయ్యాలి. సున్నం తడుపుతున్నప్పుడు ఉడుకుతుంది, కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. ఆ పని దూరంగా నిలబడి చేయించండి. ఈ పూత వానలకు పోతుంది కనుక ఏటా శివరాత్రి వెళ్లగానే వేసుకోవాలి. దాని మీద మిరపకాయలు, వడియాలు ఆరబెట్టకూడదు. మొదటి వానల నీటిని తొట్టిలోకి పట్టకూడదు.

అంత తరచుగా వేయించలేనివారికి బజారులో 'కూల్ రూఫ్' పెయింట్లు దొరుకుతున్నాయి. డబ్బా మీద 'ఎస్.ఆర్.ఐ.' అనే అంకె ఉంటుంది. ప్రమాణానికి పెట్టుకున్న నలుపుకు సున్నా, తెలుపుకు 100 అని లెక్క. మామూలు కాంక్రీటుకు 35 ప్రాంతంలో ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. అంకె చెప్పలేని దుకాణదారు దగ్గర కొనకండి. పగిలిన తెల్ల పింగాణీ టైలు ముక్కలు పరచడం కూడా మంచి పద్ధతే, ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇవి వట్టి మాటలు కావు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల కలిసి హైదరాబాదు ప్రాంతపు భవనాల మీద చేసిన అధ్యయనం 2012లో అచ్చయింది. పూత లేని కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చల్లబరచడానికి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గిందని అందులో తేలింది. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో ఇరవై ఐదు పేద ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిస్తే, లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండే కదా అనుకోవద్దు. 41 డిగ్రీల గది 39 అయితే ఫ్యాను మళ్లీ పనికి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా వర్తించేలా కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. పెద్ద ఇళ్లకు, ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి. చిన్న ఇళ్లవారి ఇష్టానికి వదిలారు. ఇష్టానికి వదిలిన చోట మనమే చొరవ చూపాలి.

రెండో పని అడ్డు వెయ్యడం. ఇక్కడ కప్పును బట్టి సామగ్రి మారుతుంది.

స్లాబు ఇల్లు ఉన్నవారు ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మందం వేరు, వేడిని ఆపడం వేరు. ఒక అంగుళం థర్మోకోల్ ఆపినంత వేడిని ఆపాలంటే నలభై అంగుళాల పైచిలుకు కాంక్రీటు కావాలి. పాతకాలంలో డాబా మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి నాలుగు అంగుళాలు దిమ్మిస వేసేవారు. నీరు కారకుండా అది బాగా పనికొచ్చేది, వేడి దిగడాన్ని ఆలస్యం చేసేది. కాని దాని బరువు చదరపు మీటరుకు 190 కిలోల దాకా ఉంటుంది. పదికి పది గది మీద పావు తక్కువ రెండు టన్నులు. పాత స్లాబు మీద ఇంజనీరుకు చూపించకుండా ఆ బరువు పెట్టకండి.

బరువు లేనిది కావాలంటే థర్మోకోల్ పలకలు గాని, అంతకంటే గట్టిదైన ఎక్స్.పి.ఎస్. పలకలు గాని స్లాబు పైన పరిపించుకోవాలి. టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్ పనికిరాదు, అడుగు పడితే నలుగుతుంది. ఘనపు మీటరుకు 24 కిలోలకు తగ్గని సాంద్రత, మంటను త్వరగా అంటుకోని రకం అడగండి. ఎక్స్.పి.ఎస్. నీటిని దాదాపు పీల్చదు కనుక మన వానలకు అది మేలు, ఖరీదు ఎక్కువ. ముందు పగుళ్లు పూడ్చి, నీరు దిగకుండా పూత వేసి, దాని మీద పలకలు, పైన జాలీ పెట్టి పలుచని కాంక్రీటు, ఆపైన తెల్ల టైలు లేదా తెల్లపూత. వాలు తప్పకూడదు. కారే స్లాబు మీద ఏ పలక పరిచినా డబ్బు దండగే. మందం రెండు అంగుళాలు చాలు. మొదటి అంగుళం ఆపినంత వేడిని రెండోది ఆపదు, మూడోది ఇంకా తక్కువ ఆపుతుంది. అయిదంగుళాలు వెయ్యమనే మేస్త్రీ మాట వినకండి. పిచికారీ చేసే పఫ్ నురగ కూడా మంచిదే, కాని దాన్ని ఎండకు వదలకూడదు, పైన కప్పాలి. ఎండకు అది పిండిలా రాలుతుంది.

పెంకుటిల్లు ఉన్నవారు అదృష్టవంతులు. మన పెద్దలు పెంకు కింద దూలాలు వేసి, చెక్కలు పరిచి, మట్టి మెత్తి అటక కట్టారు. పెంకుకూ అటకకూ మధ్య వేడెక్కిన గాలి పెంకుల సందుల్లోంచి పోయేది. కింద గది చల్లగా ఉండేది. అడవి వైపు కోయ గూడేల్లో వెదురు తడికకు మట్టి మెత్తి గడ్డి కప్పిన ఇళ్లు కూడా ఇదే సూత్రం మీద నిలిచాయి. గడ్డిలో చిక్కుకున్న గాలే అక్కడ వేడికి అడ్డు. ఇప్పుడు పెంకులు తీసి రేకులు వేసి, కింద సీలింగు కొట్టి, కొసల్లో సందులన్నీ సిమెంటుతో మూసేస్తున్నారు. పైన పట్టుకున్న వేడికి పోయే దారి లేక కిందికి దిగుతుంది. అటక ఉన్నవారు రెండు కొసల్లోనూ కిటికీలు ఉంచి, ఎలుకలు, గబ్బిలాలు రాకుండా ఇనుప జాలీ కొట్టండి. వేడిని ఆపే పొర పెంకుకు కాదు, అటక నేల మీద పరవాలి. అక్కడికి రాతి ఉన్ని లేదా గాజు ఉన్ని మేలు. అవి మండవు. తడిస్తే మాత్రం పనికి రావు కనుక ముందు పగిలిన పెంకులు మార్పించండి. పరిచేవాడు మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకోవాలి, లేకపోతే దురద, దగ్గు.

చాలా ఇళ్లలో అటక మీద మనకున్న ఇన్సులేషన్ పాత సామానే. పగిలిన కుర్చీలు, మిరప బస్తాలు, ముప్పై ఏళ్ల సర్వీసు కాగితాలు. వాటివల్ల వేడి ఆగేది తక్కువ, నిప్పు అంటుకునే భయం ఎక్కువ. సర్వీసు రిజిస్టరు నకళ్లు బీరువాలో పెట్టుకుని తక్కినవి దించేయండి.

రేకుల గదిలో ఉండేవారి సంగతి జాగ్రత్తగా వినండి. సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సరు రావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పరిశ్రమ కార్మికుల ఆరోగ్యం గురించి 1995లో మన సుప్రీంకోర్టే తీర్పు ఇచ్చింది. పగలకుండా ఉన్న రేకుతో ప్రమాదం తక్కువ. అందుకని సీలింగు కొట్టడానికి రేకుకు చిల్లులు వేయించకండి, పాచి పోవాలని బ్రష్షుతో గీకించకండి. తడిపి, మెత్తగా కడిగించి, తెల్లపూత వేయించండి. రేకు మీద కాలు పెట్టకూడదు, విరిగి మనిషి కింద పడతాడు. గోడ నుంచి గోడకు అడ్డంగా బల్ల వేసుకుని దాని మీద నుంచి పని చెయ్యాలి. లోపల సీలింగు కావాలంటే గోడల మీద చట్రం నిలిపి, రేకుకు తగలకుండా కట్టించండి. ఆ చట్రానికి అల్యూమినియం రేకు అంటించిన పలుచని పొర వేస్తే వేడి కిరణాలను తిప్పి పంపుతుంది. దానికి మెరిసే వైపున ఖాళీ జాగా ఉండాలి. దేనికైనా అతికితే పని చెయ్యదు.

కొందరు రేకు మీద తాటాకు గాని, పత్తి కట్టె గాని పరుస్తున్నారు. చల్లదనం నిజమే. కాని ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు, పైగా తేళ్లూ పాములూ చేరతాయి. దానికంటే కర్రలతో వేరే పందిరి వేసి సొరతీగ పాకించడం నయం. నీడ పడ్డంతమేర కప్పు చల్లబడుతుంది. స్లాబు మీద సౌర విద్యుత్ పలకలు పెట్టించుకునేవారికి కూడా ఈ లాభం ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ పెట్టారు. కరెంటుతో పాటు నీడ కూడా వస్తుంది.

ఒక హెచ్చరిక. కరెంటు తీగలు థర్మోకోల్‌కు నేరుగా ఆనకూడదు. తీగ వేడి బయటికి పోదు, పైపొర పాడవుతుంది. గొట్టంలోనే వేయించండి.

మూడో పని గాలి. పగలు పది నుంచి సాయంత్రం దాకా కిటికీలు మూసి, తడి గుడ్డ కట్టండి. బయటి గాలి చల్లబడగానే అన్నీ తెరవండి. అడ్డుపొర వేసిన ఇంట్లో రాత్రి కిటికీలు తెరవకపోతే, పగలు చేరిన వేడి అందులోనే ఉండిపోతుంది. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం మంచి అలవాటే. ఒక లీటరు నీరు ఆవిరవుతూ, ఒక యూనిటు కరెంటులో మూడింట రెండు వంతులకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. అయితే తడి డాబా మీద మన వయసు వారు నడవవద్దు. వేడి తగ్గించుకోబోయి తుంటి విరగ్గొట్టుకోవద్దు.

ఇవేవీ చేయించలేని ఇల్లయితే ఖర్చు లేని మార్గం ఒకటుంది. మార్చి నుంచి జూన్ దాకా ముసలివారి మంచం కింది వాటాకు దించండి. ఇది ఇక్కడ కూర్చున్న కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు చెబుతున్నాను. మామగారు ఏమీ అనడం లేదు కదా అని ఊరుకోవద్దు. ముప్పై ఏళ్లు పై అధికారి ముందు ఏమీ అనకుండా నెట్టుకొచ్చినవారు, ఇప్పుడు ఇంట్లో మాత్రం నోరు తెరిచి అడుగుతారా?

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. మన సభ్యుల్లో కప్పు కింది పైగదిలో ఒంటరిగా ఉన్నవారు ఎవరో, ముఖ్యంగా ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతున్న తల్లులు ఎవరో, ఊరివారీగా జాబితా రాసుకుందాం. శివరాత్రి తరువాత వారి కప్పులకు సంఘం తరఫున సున్నం వేయిద్దాం. సున్నానికీ కూలికీ అయ్యే ఖర్చు మనం ఒక సన్మాన సభకు పెట్టే దండలు, శాలువల కంటే ఎక్కువ కాదు. రోహిణి కార్తెలో రోజుకు ఒకసారి ఆ గడప తొక్కి నీళ్లు తాగారా అని అడిగే మనిషిని ఊరికి ఒకరిని నియమిద్దాం. ఈ రెండు తీర్మానాలు ఈ రోజే చేయవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను. మా ఊరి జాబితా నేను రాసుకొచ్చాను. ఏడు పేర్లు ఉన్నాయి. కార్యదర్శి గారికి అందజేస్తున్నాను.